గద్ద తన్నుకుపోకుండా కోడిపిల్లలను కాపాడుకుందాం

– నర్సింగ్ సూపరింటెండెంట్



ఆసుపత్రి పత్రికలో కోడిపిల్లల సంగతి ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. మన ఉద్దానం పల్లెల్లో పెరటి కోడి ఆ ఇంటి ఇల్లాలి చేతి పైకం. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస మండలాల్లో గానీ, టెక్కలి చుట్టుపక్కల ఊళ్లలో గానీ ఏ వీధిలో చూసినా రెండు పెట్టలు, ఒక పుంజు లేని ఇల్లు అరుదు. గుడ్లు పిల్లల నోట్లోకి వెళ్తాయి. సంక్రాంతికి పుంజును అమ్మితే బట్టలొస్తాయి. కోత పండుగనాడు మందిరంలో కృతజ్ఞతార్పణగా పెట్టేది కూడా ఆ కోడినే. ఇంట్లో ఒకరు వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లవలసి వస్తే, ఆటో చార్జీకి చాలాసార్లు పెట్టను అమ్మడమే దిక్కవుతుంది.

అందుకే వార్డులో మంచం పక్కన కూర్చున్న తల్లి కూడా ఇంటి దగ్గరి కోళ్ల గురించి బెంగ పెట్టుకుంటుంది. "గెద్ద తన్నుకుపోనాది సిస్టరమ్మా" అని చెప్పుకునేవారు చాలామంది. ఇంట్లో కాపలాకు మనిషి లేనప్పుడే నష్టం ఎక్కువ.

ఇది రాయడానికి అంతకంటే పెద్ద కారణం ఇంకొకటుంది. కడుపుమంటతో కొందరు చచ్చిన కోడిపిల్లకు పొలానికి వాడే గుళికల మందు దట్టించి గద్దకు ఎరగా పెడుతుంటారు. ఆ విషం గద్ద దగ్గర ఆగదు. కోడిపిల్లలను కాపాడుకునే దారులు వేరే ఉన్నాయి. వాటిలో చాలావాటికి పెద్ద ఖర్చు కూడా లేదు.

ఒక పిల్ల పోతే పోయేదెంత?

నాటుకోడి ఏడాదికి సుమారు 50, 60 గుడ్లు పెడుతుంది. అదీ ఒక్కసారిగా కాదు, మూడు దఫాలుగా. పొదగేసిన 21 రోజులకు పిల్లలు దిగుతాయి. ఒక దఫాకు పది పిల్లలు దిగాయనుకుందాం. గద్ద వారానికి ఒకటి చొప్పున పట్టుకుపోయినా, తల్లికోడి వాటిని విడిచిపెట్టే నాటికి మూడో నాలుగో మిగులుతాయి. మిగిలినవాటిలో కొక్కెర తెగులుకు ఒకటి రెండు పోతే, ఇంటిల్లిపాదీ నాలుగు నెలలు నూకలు, చోళ్లు వేసి పెంచిన శ్రమ వృథా.

మామూలు గుడ్డు ఒకదానిలో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. నాటుగుడ్డు చిన్నది గనుక దానిలో కొంచెం తక్కువ. ఎదిగే పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు ఇంత చవకగా దొరికే బలమైన ఆహారం మరొకటి లేదు. డయాలసిస్ చేయించుకుంటున్నవారికి మాంసకృత్తులు మామూలు కంటే ఎక్కువ కావాలి. వారికి గుడ్డులోని తెల్లసొన మేలు చేస్తుంది. డయాలసిస్ వరకు రాని కిడ్నీ రోగులు మాత్రం మాంసకృత్తులను కొలత ప్రకారమే తీసుకోవాలి. ఎన్ని గుడ్లు తినవచ్చునో డాక్టరు గారిని అడిగి తెలుసుకోండి.

పట్టుకుపోయేది ఎవరు?

ఆకాశంలో తిరిగే ప్రతి పక్షినీ మనం గద్ద అనేస్తాం. అవన్నీ ఒక్కటి కావు. దొంగ ఎవరో తెలిస్తేనే తలుపు ఎక్కడ వేయాలో తెలుస్తుంది.

నల్ల గద్ద: ముదురు గోధుమ రంగులో ఉంటుంది. ఎగిరేటప్పుడు తోక చివర కొంచెం చీలినట్టు కనబడుతుంది. రెక్కలు చాపితే అయిదడుగులకు దగ్గరగా ఉంటుంది గానీ, తూకం కిలో లోపే. అందువల్ల పెద్ద పెట్టను ఎత్తుకుపోలేదు, పిల్లలనే ఎత్తుకుపోతుంది. పైన చక్కర్లు కొట్టి, ఖాళీ జాగా చూసుకుని, ఏటవాలుగా దిగి, కాళ్లతో తన్నుకుపోతుంది. అలా దిగడానికి దానికి బాగా తెరిపి చోటు కావాలి.

డేగ: పావురమంత ఉంటుంది. వీపు బూడిద రంగు, రొమ్ము మీద అడ్డచారలు. రెక్కలు చాపితే రెండడుగులు. ఇది ఆకాశంలో కనబడేలా తిరగదు. చెట్టుకొమ్మలో దాక్కుని, నేలబారుగా రివ్వున వచ్చి పడుతుంది. అది వచ్చి పోయేదాకా మనిషికి తెలియదు.

గరుడ పక్షి: తల, రొమ్ము తెల్లగా, మిగతా ఒళ్లంతా ఇటుక రంగులో ఉంటుంది. భావనపాడు, బారువ తీరాల్లో పడవలు ఒడ్డుకు రాగానే కనబడేది ఇదే. దీని తిండి ఎక్కువగా చేపలు, పీతలు. మన హిందూ సోదరులు దీనిని గరుత్మంతుడని భావించి మొక్కుతారు. కోడిపిల్ల జోలికి ఇది వచ్చేది తక్కువ.

గద్ద మీద వేసే నిందలో కొంత ఇతరులకు చెందుతుంది. పట్టపగలు ఈక కూడా మిగలకుండా పిల్ల మాయమైతే అది పక్షి పని కావచ్చు. మెడ కొరికి వదిలేసి ఉంటే ముంగిసను అనుమానించండి. రాత్రిపూట గూట్లో ఒకేసారి రెండు మూడు చస్తే అడవిపిల్లి గానీ, కుక్క గానీ వచ్చి ఉంటుంది. గూట్లో గుడ్లు, చిన్నపిల్లలు చప్పుడు లేకుండా పోతుంటే పామేమో చూడండి. చీకట్లో గూట్లో చెయ్యి పెట్టకండి, టార్చిలైటు వేసి చూడండి. కాకి కూడా గుడ్లను, అప్పుడే దిగిన పిల్లలను ఎత్తుకుపోతుంది.

ఎప్పుడు ఎక్కువ?

గద్దలు చలికాలం చివర గూళ్లు కట్టి, ఎండాకాలంలో పిల్లలను సాకుతాయి. డేగలు మార్చి నుండి జూన్ వరకు. గూట్లో పిల్లలు నోళ్లు తెరుచుకుని ఉంటాయి గనుక ఫిబ్రవరి నుండి మే వరకు మన పెరళ్ల మీద దాడులు పెరుగుతాయి. అదే కాలంలో గడ్డి ఎండిపోయి, పాదులు వాడిపోయి, పిల్లలు దాక్కోవడానికి చోటుండదు.

మన ప్రాంతానికి మరొక కష్టం కూడా వచ్చింది. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్లు తోటలకు తోటలే నేలకూలాయి. పెద్దచెట్ల నీడలో చల్లగా ఉండే పెరళ్లు చాలాచోట్ల బోసిపోయాయి. తరువాత నాటిన కొబ్బరి మొక్కలు ఎదిగినా, కొబ్బరిచెట్టు కోడిపిల్లకు చాటు ఇవ్వదు. పైపెచ్చు గద్ద కూర్చుని చూసుకోవడానికి అనువైన చోటవుతుంది. కోడిపిల్లకు కావలసిన చాటు నేల మీద మోకాలెత్తులో ఉండాలి.

విషం పెట్టకండి

గద్ద ఎరను తన్నుకుపోయి అక్కడే కూర్చుని తినదు. ఎక్కడికో ఎగిరిపోతుంది, దారిలో వదిలేయవచ్చు. ఆ విషపు ముక్క పక్కింటి పెరట్లో పడవచ్చు, నూతిలో పడవచ్చు. కుక్క తింటుంది, పిల్లి తింటుంది, మన కోడే పొడుస్తుంది. పాకే వయసు పిల్లవాడు తీసి నోట్లో పెట్టుకోవచ్చు. ఇంతా చేసి ఒక గద్ద చచ్చినా లాభం లేదు. తిండి దొరికే చోటు ఖాళీగా ఉండదు, ఇంకొక గద్ద వస్తుంది.

ఎరకు వాడగా మిగిలిన మందు మరొక ప్రమాదం. దానిని కాగితంలో పొట్లం కట్టి చూరులో దోపుతారు, లేదా పాత సీసాలో పోసి వంటింటి గూట్లో పెడతారు. పిల్లలు మిఠాయి అనుకుని తింటారు. కోపంలోనో, దుఃఖంలోనో ఉన్న మనిషికి ఆ క్షణంలో అది చేతికి అందుతుంది. ఆ క్షణం దాటిపోతే ఆ మనిషి బ్రతుకుతాడు. కనుక పురుగుమందు ఇంట్లో ఉంచకండి. ఉంచక తప్పకపోతే పెట్టెలో పెట్టి తాళం వేయండి. ఇంట్లో ఎవరైనా మనసు విరిగి ఉంటే వారిని ఒంటరిగా వదలకండి, ఆసుపత్రికి తీసుకురండి. మాట్లాడేవారు, ప్రార్థించేవారు, మందు ఇచ్చేవారు ఉన్నారు.

ఈ రకం మందు ఒంట్లోకి వెళ్తే కనబడే గుర్తులు ఇవి: నోట్లో నురగ, చొంగ, విపరీతమైన చెమట, కళ్ల నుండి నీరు, కంటిపాప సూదిమొనంత చిన్నదవడం, వాంతులు, విరేచనాలు, కండరాలు అదరడం, ఆయాసం, మగత. అప్పుడు ఇలా చేయండి:

1. వెంటనే 108కి ఫోన్ చేయండి. బండి ఆలస్యమైతే దొరికిన వాహనంలో బయలుదేరండి.
2. మందు పడిన బట్టలు తీసేసి, ఒంటిని సబ్బుతో, నీళ్లతో బాగా కడగండి. కడిగేవారు చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కోండి.
3. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఉంటుంది.
4. ఉప్పునీళ్లు, పేడనీళ్లు, చింతపండు పులుసు తాగించి వాంతి చేయించకండి. పాలు కూడా పట్టకండి.
5. మందు డబ్బా గానీ, పొట్లం గానీ ఆసుపత్రికి తీసుకురండి. ఏ మందో తెలిస్తే డాక్టరు గారు సరైన విరుగుడు త్వరగా మొదలుపెట్టగలరు.

గద్దలను, డేగలను చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. ఇంకొక మాట. ఉండేలుతో గద్దను కొట్టబోయి పక్క పిల్లవాడి కన్ను పోగొట్టవద్దు. గూడు దించాలని కొబ్బరిచెట్టు ఎక్కి పడితే నడుం విరుగుతుంది. గూట్లో పిల్లలున్నప్పుడు గద్ద దగ్గరికి వచ్చినవారి తల మీద గీరుతుంది కూడా. అలా గీరితే గాయాన్ని సబ్బుతో, ధారగా పోసిన నీళ్లతో 15 నిమిషాలు కడిగి, టి.టి. సూది సంగతి అడగడానికి ఆసుపత్రికి రండి.

గద్ద మనకు చేసే మేలు

గద్ద ఎలుకలను పడుతుంది. చచ్చిన జీవాలను, చేపల వ్యర్థాలను తిని ఊరు శుభ్రం చేస్తుంది. ఇదే పని చేసే రాబందులు ఒకప్పుడు మన పొలాల్లో గుంపులుగా వాలేవి, ఇప్పుడు కనబడవు. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ అనే నొప్పుల మందు, ఆ పశువు చచ్చాక రాబందుల కడుపులోకి వెళ్లి, వాటి కిడ్నీలను పాడుచేసి చంపిందని శాస్త్రవేత్తలు 2004లో వెల్లడించారు. 2006లో మన దేశంలో పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించారు. అప్పటికే రాబందులు చాలావరకు పోయాయి. తినేవారు లేక కళేబరాలు కుళ్లాయి, వీధికుక్కలకు మేత పెరిగింది. కుక్కలు పెరిగితే కుక్కకాట్లు పెరుగుతాయి. ఒక పక్షి పోతే ఆ కష్టం తిరిగి తిరిగి మన వార్డుకే వస్తుంది. (ఆ డైక్లోఫెనాక్ మనుషులు మింగే నొప్పి బిళ్లల్లోనూ ఉంటుంది. ఉద్దానం వారు డాక్టరు చెప్పకుండా నొప్పి బిళ్లలు కొనుక్కోవద్దని ఈ సందర్భంగా మళ్లీ మనవి.)

పక్షులను కాపాడటం మన జిల్లాకు కొత్త కాదు. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలను ఊరివారు తమ ఇంటి చుట్టాలుగా చూసుకుంటారు. గద్దను చుట్టంగా చూడమని నేను అడగను. దానికి విషం పెట్టవద్దు, మన పిల్లలను దాచుకుందాం, అంతే.

కాపాడుకునే దారులు

మొదటి ఆరు వారాలు ముఖ్యం. కోడిపిల్ల దిగినప్పటి నుండి ఆరు, ఎనిమిది వారాలు దాటించగలిగితే గద్ద భయం చాలావరకు తీరినట్టే. మన శ్రద్ధ అంతా ఆ రోజుల మీదే పెట్టాలి.

1. గంప: మొదటి మూడు వారాలు తల్లిని, పిల్లలను ఆరుబయట వదలకండి. పెద్ద వెదురు గంప బోర్లించి, పైన రాయి పెట్టండి. లేదా నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవున తడికెలతో దడి కట్టి, పైన వల కప్పండి. రెండు మూడు రోజులకొకసారి చోటు మార్చండి. ఒకే చోట తడిగా ఉంటే పిల్లలకు నెత్తురు విరేచనాలు పట్టుకుంటాయి. నీళ్ల మూకుడులో గులకరాళ్లు వేయండి, పిల్లలు పడి మునగకుండా ఉంటాయి.

2. చాటు: మూడు వారాల తరువాత బయట వదిలేటప్పుడు, పెరట్లో ఎక్కడ నిలబడినా పది అడుగుల లోపు ఒక చాటు ఉండాలి. తల్లికోడి గద్దను చూసి అరవగానే పిల్లలు అందులోకి దూరాలి. కొబ్బరి మట్టలతో అల్లిన తడికెను రెండు ఇటుకల వరుసల మీద అడుగున్నర ఎత్తులో పరిస్తే చాలు. ఉద్దానంలో కొబ్బరి మట్టకు కరువు లేదు. గోరింట, మందార, కరివేపాకు మొక్కలను కింద కొమ్మలు నరకకుండా పొదగా పెరగనివ్వండి.

3. పందిరి: ఆనప, బీర, చిక్కుడు పాదులను ఆరడుగుల ఎత్తు పందిరి మీదికి ఎక్కించండి. పైన కూర, కింద కోడిపిల్లలకు నీడ. పిల్లలకు మేత ఎప్పుడూ ఈ పందిరి కిందే వేయండి. నడిముంగిట్లో నూకలు చల్లడం అంటే గద్దకు విస్తరి వేయడమే.

4. తాళ్లు: పందిరి లేని చోట నాలుగు గుంజలు పాతి, రెండేసి అడుగుల దూరంలో నిలువుగా, అడ్డంగా తాళ్లు కట్టండి. రెక్కలు చాపితే అయిదడుగులుండే నల్ల గద్ద ఆ తాళ్ల మధ్య దిగడానికి జంకుతుంది. కానీ డేగకు ఇవి అడ్డు కావు. డేగ బెడద ఉన్నచోట వలే కట్టాలి.

5. వల: మంచినీళ్లపేట, నువ్వలరేవు వంటి ఊళ్లలో పాతబడిన వలలు దొరుకుతాయి. లావు దారం వలనే ఎంచుకోండి. కంటికి కనబడనంత సన్నని దారం వలలో కోడిపిల్లల కాళ్లు, మెడలు చిక్కుకుంటాయి. వలను బిగువుగా కట్టండి, నేల మీద కుప్పగా వదలకండి. వదులు వలలో పాములు చిక్కుకుంటాయి. అలా చిక్కిన పామును చేత్తో విడదీయబోవద్దు. పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, బిగించి కట్టడం మానేసి, కరిచిన కాలు లేదా చెయ్యి కదలకుండా ఉంచి నేరుగా ఆసుపత్రికి తీసుకురండి.

6. శుభ్రత: చేపల పొట్టలు, కోడి పేగులు పెరట్లో, వీధిలో పారవేస్తే గద్దలు ముందు వాటి కోసమే వస్తాయి. తరువాత కోడిపిల్లలను చూస్తాయి. మోకాలి లోతు గొయ్యి తీసి పూడ్చండి. ఈగలు, కుక్కలు కూడా తగ్గుతాయి.

7. కాపలా: కోళ్లతో కలిసి పెరిగిన కుక్క మంచి కాపలాదారు. దానికి రేబిస్ టీకా తప్పక వేయించండి. గిన్నీ కోళ్లు రెండుంటే గద్దను దూరాన చూసి ఊరంతా వినబడేలా అరుస్తాయి. పశువుల వీపు మీద కూర్చునే, తోక చివర చీలిన నల్లని చిన్నపిట్టను చూసే ఉంటారు. కొన్నిచోట్ల ఏట్రింత అంటారు. దాని గూడు మీ చెట్టు మీద ఉంటే కదపకండి. అంత చిన్నపిట్ట తన గూటి దరిదాపులకు వచ్చిన గద్దను వెంటపడి తరుముతుంది.

8. కాలం: వీలైనంతవరకు ఎండలు ముదిరే కాలంలో పొదగేయకుండా, వానలు పడి గడ్డి, పాదులు ఎదిగాక పిల్లలు దిగేలా చూసుకోండి. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు ఒకే వారంలో పొదగేసి, దడి ఒక్కటే కట్టుకుని వంతులవారీగా కాపలా ఉంటే మరీ మంచిది. ఆసుపత్రికి వెళ్లవలసిన ఇంటివారికి ఇది పెద్ద సాయం.

9. జాతి: తెల్లకోళ్లు దూరానికి కనబడతాయి. రంగు ఈకలవి నేలలో కలిసిపోతాయి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి తయారుచేసిన వనరాజా కోళ్లు రంగు ఈకలతో ఉంటాయి, గుడ్లు కూడా ఎక్కువ పెడతాయి. అయితే ఆ పెట్టలు పొదగవు. ఆ పిల్లలకు హెచ్చరించే తల్లి ఉండదు గనుక ఆరు వారాలు పూర్తిగా దడిలోనే పెంచాలి. పిల్లలను సాకడంలో మన నాటుపెట్టకు సాటి లేదు.

10. టీకా: గద్ద నుండి కాపాడి తెగులుకు అప్పగించకండి. కొక్కెర తెగులుకు మొదటి వారంలో లసోటా చుక్కల మందు, ఎనిమిదో వారంలో ఆర్.2.బి. సూది పశువైద్యశాలలో అడిగి వేయించండి.

పెంపుడు జీవాల సంగతి

పిల్లలు ముచ్చటపడి పెంచుకునే కుందేళ్లు, పావురాలు, లవ్ బర్డ్స్, పిల్లికూనలు కూడా గద్ద కంట పడతాయి. పంజరాన్ని ఆరుబయట కొమ్మకు వేలాడదీయకండి. డేగ ఊచల సందుల్లోంచి గోళ్లు దూర్చి పట్టుకుంటుంది. పంజరం చూరు కింద, గోడ వైపు పెట్టి, బయట సన్నకన్నాల జాలీ చుట్టండి. కుందేళ్ల దడికి పైకప్పు తప్పనిసరి. కళ్లు తెరవని కుక్కపిల్లలను, పిల్లికూనలను తల్లితో సహా పాకలోనే ఉంచండి. రామచిలుకలను పట్టి పంజరంలో పెట్టడం చట్టం ఒప్పుకోదు, అది గుర్తుంచుకోండి.

ఇంటివారి ఆరోగ్యం మరవవద్దు

గద్ద భయంతో, పిల్లి భయంతో కొందరు రాత్రిపూట కోళ్లను పడకగదిలో, మంచం కింద కమ్ముతారు. ఇది మంచిది కాదు. కోడిరెట్ట దుమ్ము పిల్లలకు ఆయాసం తెస్తుంది, రెట్టలోని సూక్ష్మక్రిములు విరేచనాలు తెస్తాయి. ఇంటి గోడకు ఆనించి, నేలకు రెండడుగుల ఎత్తున, కోడికి ఒక చదరపు అడుగు చొప్పున విడిగా గూడు కట్టండి. తలుపుకు గట్టి గడియ పెట్టండి.

గద్ద నోటి నుండి జారిపడిన పిల్లను కొందరు కూర వండుతారు. అలా చేయకండి. అది ముందే జబ్బుతో ఉండి సులువుగా దొరికి ఉండవచ్చు. కోళ్లకు సోకే బర్డ్ ఫ్లూ మన దేశంలో మొదట 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది. 2025 ఆరంభంలో మన గోదావరి జిల్లాల కోళ్లకు వచ్చింది. ఆ ఏడాది మార్చిలో మన రాష్ట్రంలోనే ఒక చిన్నారి ఈ వ్యాధితో చనిపోయింది. చచ్చిన పక్షిని ఒట్టిచేత్తో ముట్టకుండా, ప్లాస్టిక్ సంచితో పట్టుకుని, సున్నం చల్లి లోతుగా పూడ్చండి. ఒకేసారి ఎక్కువ కోళ్లు చస్తే పశువైద్యశాలకు కబురు చేయండి. గుడ్లను, మాంసాన్ని బాగా ఉడికించి తినండి. గూడు ఊడ్చాక, కోళ్లను ముట్టాక చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లల చేత కడిగించండి.

మీ ప్రశ్నలు

పిల్లలకు గులాబీ రంగు పూస్తే గద్ద రాదంటారు, నిజమేనా?
కొత్త రంగు చూసి మొదట జంకవచ్చు గానీ నాలుగు రోజుల్లో అలవాటు పడుతుంది. ఆ రంగుల్లో ఏమేమి కలుపుతారో తెలియదు. పిల్లలు ఒకదాని నొకటి పొడుచుకుంటూ ఆ రంగు మింగుతాయి. ఆ డబ్బుతో ఒక గంప కొనండి.

దిష్టిబొమ్మ, పాత సీడీలు, క్యాసెట్ టేపు కడితే?
మొదటి వారం పనిచేస్తాయి. గాలికి ఊగేలా కట్టి, రెండు మూడు రోజులకొకసారి చోటు మార్చాలి. వీటినే నమ్ముకోకూడదు. వల కట్టేలోపు సాయానికి మంచివే.

మాకు పెరడే లేదు, వీధిలోనే తిరుగుతాయి. ఏం చేయాలి?
పిల్లలను ఆరు వారాలు గంప కిందే పెంచండి. తల్లిని రోజూ కాసేపు విడిచి తిప్పండి. వీధి పక్కన రెండు మూడు చోట్ల మట్టల తడికెలు ఆనించి ఉంచండి.

చివరిగా ఒక మాట. యెరూషలేము కోసం దుఃఖించినప్పుడు మన ప్రభువు తన ప్రేమను తెలియజేయడానికి, పిల్లలను రెక్కల కిందికి చేర్చుకునే కోడిని పోలికగా తీసుకున్నారని మత్తయి సువార్త 23వ అధ్యాయంలో చదువుతాము. గద్ద వచ్చినప్పుడు తల్లికోడి గద్ద మీదికి విషం తీసుకుపోదు. ముందు పిల్లలను రెక్కల కిందికి పిలుస్తుంది. మనమూ ముందు నీడ కల్పిద్దాం. ఈ వారమే మీ పెరట్లోకి వెళ్లి చూడండి. కోడిపిల్ల పరుగెత్తి దూరడానికి ఎన్ని చాట్లున్నాయో లెక్కపెట్టండి. చూరులో గుళికల పొట్లం ఏదైనా ఉంటే తీసి తాళం పెట్టెలో పెట్టండి. ఈ రెండు పనులూ చేస్తే మీ కోళ్లూ, మీ బిడ్డలూ క్షేమంగా ఉంటారు. దేవుడు మీ కుటుంబాలను దీవించును గాక.